జాలరచనకు కృతిభర్త ఎవరు?

కావ్యం ఆరంభించబోయే ముందు మన ప్రాచీన కవి తేల్చుకోవలసిన విషయాలలో ముఖ్యమైనది, ఆ కృతికి భర్త ఎవరన్నది. నన్నయభట్టును భారతాంధ్రీకరణకు పురికొల్పినవాడు రాజరాజనరేంద్రుడు. పెద్దన మనుచరిత్రకు కృతిభర్త కృష్ణదేవరాయలు. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చినా, భారతం దగ్గరకు వచ్చేసరికి హరిహరనాథునే కృతిభర్తగా వరించాడు. అంకితమన్నది కేవలం మర్యాద కాదు. కవి ఇంటి గాదె ఎవరి ధాన్యంతో నిండుతుందో, అవతారికలో ఎవరి వంశానికి ఎన్ని పద్యాలు కేటాయించాలో నిర్ణయించే లౌకికమైన ఏర్పాటు అది.

అంతర్జాలంలో వ్రాసేవారికి ఈ ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతున్నది. వెబ్సైటు నడిపి నాలుగు రూపాయలు ఆర్జించడం ఎలాగని అడిగేవారు అనేకులు. ఉపాయాలు ఏకరువు పెట్టేవారు అంతకంటె అనేకులు. ప్రకటనలు వేసుకోమనేవారు కొందరు, చందా పెట్టమనేవారు కొందరు, వస్తువులు అమ్మిపెట్టి దళారీ రుసుము పుచ్చుకోమనేవారు మరికొందరు. ఈ ఉపాయాలలో ఏదీ నిన్న మొన్న పుట్టినది కాదు. ఒక్కొక్కదానికి పాతిక ముప్పై సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను ఒక్క ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. సొమ్ము ఇచ్చినవాడు ఎవరు, అతణ్ణి బట్టి వ్రాత ఎలా మారింది?

అచ్చుపత్రికలు నేర్పిన పాఠం

ముందుగా అచ్చుపత్రికల సంగతి రెండు ముక్కలు చెప్పుకోవాలి. వెబ్సైట్లు అనుసరించిన మార్గాలన్నీ అక్కడే మొదలైనాయి.

1833 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు 'సన్' పేరిట ఒక దినపత్రిక స్థాపించాడు. అప్పటి పత్రికల వెల ఆరు సెంట్లు. ఇతడు ఒక్క సెంటుకే పత్రికను వీథులలో అమ్మించాడు. ఆ సెంటుతో ఖర్చులు గిట్టవు. అసలు ఆదాయం ప్రకటనలది. అనగా ఇతడు పత్రికను పాఠకునికి అమ్మినట్టు కనబడుతూ, పాఠకుణ్ణి ప్రకటనదారుకు అమ్మాడు. పాఠకుల సంఖ్యే పెట్టుబడి అయినప్పుడు ఆ సంఖ్యను పెంచే వ్రాతకే గిరాకీ. 1835 ఆగస్టులో ఆ పత్రిక చంద్రమండలంలో రెక్కల మనుషులు కనిపించారని వరుస కథనాలు ప్రచురించింది. జనం ఎగబడి కొన్నారు.

మన దేశంలో ఇందుకు భిన్నమైన మార్గం చూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ఆరంభించి, అది నిలదొక్కుకున్నాక 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో మదరాసు నుండి దినపత్రిక వెలువడింది. 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. తలనొప్పి మందు లాభాలు తెలుగు సాహిత్యానికి ఊతమైనాయి. ఇక్కడ పత్రిక స్వయంగా ధనార్జన సాధనం కాదు. వేరొక వ్యాపారపు ఆర్జన పత్రికకు కృతిభర్త అయింది.

తొలి ప్రకటన పట్టీ

అంతర్జాలంలో వ్యాపారానికి మొదట అనుమతే లేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ధనంతో నడిచిన వెన్నెముక వంటి జాలంపై వాణిజ్య వినియోగానికి ఆంక్షలుండేవి. 1993 ఏప్రిల్ 30న ఐరోపాలోని సెర్న్ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ సాంకేతికతను అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది. 1995 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వ వెన్నెముకను ఉపసంహరించారు. ఆ రెండు సంఘటనల నడుమ, 1994 అక్టోబరు 27న, 'వైర్డ్' పత్రికకు జాలరూపమైన 'హాట్‌వైర్డ్' తన పుటల నెత్తిన అడ్డపట్టీల వంటి ప్రకటనలు పెట్టింది. ఒక్కొక్క స్థానానికి మూడు నెలలకు 30,000 డాలర్లు వసూలు చేసినట్టు, వాటిలో ఒకటైన ఏటీ అండ్ టీ ప్రకటనను చూసిన నూరుగురిలో 44 మంది నొక్కినట్టు చెబుతారు. ఆ కొత్తదనం నశించడానికి ఎంతో కాలం పట్టలేదు. పాఠకుని కన్ను పట్టీని తప్పించుకొని చదవడం నేర్చింది.

ఆ లెక్క అచ్చుపత్రికల నుండి తెచ్చుకున్నదే. ప్రకటన వెయ్యిమార్లు కనబడితే ఇంత అని రుసుము. చూసినవాడు నిజంగా చూశాడా అన్న సందేహం ప్రకటనదారులకు కలిగింది. 1996లో సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్, నొక్కినవారికి మాత్రమే సొమ్ము ఇస్తామని యాహూను ఒప్పించింది. అదే సంవత్సరం జులైలో అమెజాన్ మరొక అడుగు వేసింది. ఎవరైనా తమ వెబ్సైటులో పుస్తకాన్ని పరిచయం చేసి లంకె ఇస్తే, ఆ లంకె ద్వారా పుస్తకం అమ్ముడుపోయినప్పుడు కొంత రుసుము చెల్లిస్తుంది. చూడడానికి ఒక వెల, నొక్కడానికి ఒక వెల, కొనడానికి ఒక వెల. ఈ మూడు పద్ధతులూ వెబ్ వాణిజ్యపు తొలి రెండేళ్లలోనే ఏర్పడ్డాయి. తరువాత వచ్చినవి వీటికి మెరుగులు మాత్రమే.

దళారీ పద్ధతిలో పుస్తకప్రియులకు సహజమైన ఆకర్షణ ఉన్నది. తాను మెచ్చిన పుస్తకాన్ని నలుగురికీ చెప్పడంలో తప్పేమున్నది? కాని దళారీ రుసుము నిర్ణయించేవాడు అంగడివాడు. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అనేక తరగతుల వస్తువులకు ఆ రేట్లను గణనీయంగా తగ్గించింది. దానినే నమ్ముకున్న వెబ్సైట్ల రాబడి ఒక్క ప్రకటనతో పడిపోయింది. పైగా రుసుము అమ్మకం మీదనే వస్తుంది గనుక, బాగాలేని పుస్తకాన్ని బాగాలేదని వ్రాసిన సమీక్షకునికి ప్రతిఫలం శూన్యం.

వేలంపాట

1998లో గోటూ అనే శోధనయంత్రం, వెదికే మాటలను ప్రకటనదారులకు వేలం వేసే పద్ధతి ప్రవేశపెట్టింది. ఎవరు ఎక్కువ పాడితే వారి ప్రకటన పైన. గూగులు 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ పేరిట తన ప్రకటనల వ్యాపారం మొదలుపెట్టి, తరువాత ఈ వేలాన్ని మెరుగుపరచింది. 2003 జూన్‌లో యాడ్‌సెన్స్ వచ్చింది. చిన్న వెబ్సైట్ల చరిత్రలో దీనిని మించిన మలుపు లేదు. అంతవరకు ప్రకటన కావాలంటే ప్రకటనదారుతో బేరసారాలు చేసే ఉద్యోగులుండాలి. యాడ్‌సెన్స్ వచ్చాక పుటలో ఒక చిన్న సంకేతఖండం అతికిస్తే చాలు. యంత్రం ఆ పుటలోని వ్యాసాన్ని చదివి, విషయానికి తగిన ప్రకటనను వేలంలో ఎంచి అక్కడ నిలుపుతుంది. వ్యాసపుటలకు ప్రకటనదారు చెల్లించిన సొమ్ములో 68 శాతం ప్రచురణకర్తకు ఇస్తున్నట్టు గూగులు 2010 మే నెలలో వెల్లడించింది. 2024 నుండి నొక్కులకు బదులు చూపులను లెక్కగట్టే పద్ధతికి మారింది.

ఇది తెలుగువారికి ఎంత ఉపయోగించింది? యాడ్‌సెన్స్ ఆమోదించిన భాషల పట్టికలో చాలాకాలం భారతీయ భాషలకు చోటు లేదు. హిందీకి 2014లో, బంగ్లాకు 2017లో, తమిళానికీ తెలుగుకూ 2018లో ప్రవేశం లభించింది. అనగా ఇంగ్లీషు రచయితకు దొరికిన సౌకర్యం తెలుగు రచయితకు పదిహేనేళ్లు ఆలస్యంగా దొరికింది. మన బ్లాగులు వికసించిన సంవత్సరాలన్నీ ఆ పదిహేనేళ్లలోనివే.

దొరికిన తరువాతనైనా లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఇవి ఉదాహరణకు నేను వేసుకున్న అంకెలు మాత్రమే. రోజుకు 500 మార్లు చదివే వెబ్సైటులో నూటికి ఒకరు ప్రకటన నొక్కితే ఐదు నొక్కులు. నొక్కుకు రచయిత వాటా 2 రూపాయలనుకుంటే రోజుకు 10, నెలకు 300 రూపాయలు. ఖాతాలో 100 డాలర్లు చేరితేగాని గూగులు సొమ్ము పంపదు. డాలరును 85 రూపాయలుగా కడితే అది 8,500 రూపాయలు. తొలి చెల్లింపుకు 28 నెలలు పైబడుతుంది. వేలంపాటకు పాడేవారు ఎక్కువ మంది ఉంటేనే వెల పెరుగుతుంది. ఛందస్సును గురించిన వ్యాసం పక్కన తన ప్రకటన పెట్టించుకోవాలని పోటీపడే వ్యాపారి ఎవరు?

వేలం పండించిన పంట

ఈ ప్రశ్నకు కొందరు అమెరికాలో తలకిందులుగా సమాధానం చెప్పారు. వ్యాసానికి తగిన ప్రకటన వెదకడం ఎందుకు? ఖరీదైన ప్రకటనకు తగిన వ్యాసం వ్రాయిస్తే సరి. 2006లో పుట్టిన డిమాండ్ మీడియా అనే సంస్థ, జనం ఏ మాటలు వెదుకుతున్నారో, ఆ మాటలకు ప్రకటనల వెల ఎంత పలుకుతున్నదో యంత్రంతో గణించి, ఆ గణితం ప్రకారం శీర్షికలు తయారుచేసేది. వ్యాసానికి సుమారు 15 డాలర్ల వంతున ఇచ్చి వేల సంఖ్యలో వ్రాయించేది. విషయం తెలిసినవారు వ్రాయాలన్న నియమం లేదు. 2011 జనవరిలో ఈ సంస్థ వాటాలు న్యూయార్కు స్టాకు ఎక్స్‌ఛేంజికి వచ్చినప్పుడు, దాని మొత్తం విలువ న్యూయార్క్ టైమ్స్ సంస్థ విలువను మించింది. నూట అరవై ఏళ్లు వార్తలు సేకరించిన సంస్థకంటె ఐదేళ్లు శీర్షికలు గణించిన సంస్థకు ఎక్కువ ధర!

ఆ మరుసటి నెలలోనే గూగులు తన శోధనక్రమాన్ని మార్చింది. పాండా అని పేరుపడిన ఆ మార్పుతో పస లేని వ్యాసాల రాశులు వెనుకకు నెట్టబడ్డాయి. డిమాండ్ మీడియా మరి కోలుకోలేదు. 2017లో పేరు కూడా మార్చుకున్నది. ఇందులో గమనించవలసినది ఒకటున్నది. చెత్త వ్యాసాలను పుట్టించినది గూగులు ప్రకటనల సొమ్ము, అణచినదీ గూగులే. వెబ్సైటుకు ప్రాణం పోసే శక్తి, తీసే శక్తి ఒక్క చేతిలోనే ఉన్నాయి. రాజాస్థానంలో కవికి రాజు కనబడేవాడు, కోపం వస్తే కారణమూ తెలిసేది. ఇక్కడి ప్రభువు దర్శనమివ్వడు.

2024 మే నుండి ఆ సంస్థే అమెరికాలో మొదలుపెట్టి, వెదికిన ప్రశ్నకు కృత్రిమమేధతో కూర్చిన జవాబును ఫలితాల నెత్తిన చూపిస్తున్నది. ఆ జవాబుతో తృప్తిపడిన పాఠకుడు అసలు వెబ్సైటు గుమ్మం తొక్కనే తొక్కడు. గుమ్మం తొక్కని పాఠకునికి ప్రకటన చూపేదెట్లా?

పాఠకుడే పోషకుడైనచోట

పాఠకుని నుండి నేరుగా సొమ్ము పుచ్చుకోవాలన్న ఆలోచన కూడా పాతదే. మైక్రోసాఫ్టు పోషణలో 1996లో మొదలైన 'స్లేట్' జాలపత్రిక 1998 మార్చిలో సాలుకు 19.95 డాలర్ల చందా పెట్టింది. ఏడాది తిరగకుండా, 1999 ఫిబ్రవరిలో, తలుపులు తిరిగి బార్లా తెరిచింది. 'వాల్‌స్ట్రీట్ జర్నల్' మాత్రం 1997 నాటికే చందా వసూలు చేస్తూ నిలిచింది. వర్తక సమాచారం దాని పాఠకులకు అవసరం, కాలక్షేపం కాదు.

న్యూయార్క్ టైమ్స్ అనుభవం మరింత బోధకం. 2005 సెప్టెంబరులో ప్రసిద్ధ వ్యాసకర్తల శీర్షికలకు మాత్రమే రుసుము పెట్టి, రెండేళ్లకు ఎత్తివేసింది. 2011 మార్చిలో ఉపాయం మార్చింది. నెలకు 20 వ్యాసాలు ఉచితం, ఆపైన చందా. అప్పుడప్పుడు వచ్చే అతిథికి మజ్జిగ ఉచితం. రోజూ భోజనానికి వచ్చేవాడు మాత్రం పద్దు కట్టాలి. ఈ పద్ధతి ఫలించింది. 2020 రెండవ త్రైమాసికంలో తొలిసారిగా దాని జాలవిభాగపు రాబడి అచ్చుపత్రిక రాబడిని దాటింది. 2023 చివరికి చందాదారులు కోటి దాటారు.

అది పెద్ద సంస్థ. ఒంటరి రచయిత మాటేమిటి? 2005 ఫిబ్రవరిలో జేసన్ కాట్కే అనే అమెరికన్ బ్లాగరు ఉద్యోగం మానుకొని, ప్రకటనలు వేయను, పాఠకులే నన్ను పోషించండని కోరాడు. ఆ సంవత్సరం సుమారు 1,450 మంది కలిసి 39,900 డాలర్ల ప్రాంతం ఇచ్చారు. మరుసటి ఏడు అతడు ఆ పద్ధతిని కొనసాగించలేదు. 2016లో సభ్యత్వాల రూపంలో మళ్లీ పాఠకుల వద్దకే వచ్చాడు. ఆండ్రూ సల్లివన్ 2013 జనవరిలో తన బ్లాగును స్వతంత్రం చేసి సాలుకు 19.99 డాలర్ల చందా పెడితే, సుమారు 30 వేల మంది చేరారు. సొమ్ము చాలింది; మనిషి ఓపిక చాలలేదు. రోజుకు పదుల టపాలు వ్రాసే శ్రమకు అలసి 2015 ఫిబ్రవరిలో ఆపివేశాడు. పాఠకుడు కృతిభర్త అయినంత మాత్రాన బాధ తప్పదు. చందా కట్టినవాడు రేపటి సంచిక కోసం ఎదురుచూస్తాడు.

2013లో పేట్రియన్, 2017లో సబ్‌స్టాక్ వచ్చి ఈ చందాల వసూలును సులభం చేశాయి. సబ్‌స్టాక్ తన వాటాగా 10 శాతం పుచ్చుకుంటుంది. అక్కడ వ్రాత మీద ప్రకటనదారు పెత్తనం లేదు. అయితే చందాదారుకు నచ్చని మాట వ్రాయడానికి వెనుకాడే రచయితలూ ఉంటారు. కృతిభర్త మారితే మొగమాటం మారుతుంది; మొగమాటమే లేని స్థితి అరుదు.

దానానికి విశిష్టోదాహరణ వికీపీడియా. 2001 జనవరిలో బోమిస్ అనే వాణిజ్యసంస్థ నీడలో అది పుట్టింది. ప్రకటనలు వేయవచ్చునన్న మాట వినబడగానే 2002 ఫిబ్రవరిలో స్పానిషు సంపాదకులలో చాలామంది విడిపోయి వేరు విజ్ఞానసర్వస్వం పెట్టుకున్నారు. 2003 జూన్‌లో లాభాపేక్ష లేని ఫౌండేషను ఏర్పడింది. నేటికీ విరాళాలే ఆధారం, ప్రకటన లేదు. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ నిర్ణయపు ఫలాన్ని అనుభవిస్తున్నది. వేలంలో వెల పలకని మన భాష ప్రకటనల విజ్ఞానసర్వస్వంలో ఎన్నాళ్లు నిలిచేదో ఊహించుకోవచ్చు.

ఎవరూ ఇవ్వనప్పుడు

మనలో అధికసంఖ్యాకులు ఈ మార్గాలలో దేనినీ పట్టలేదు. 1998 దీపావళికి మొదలైన 'ఈమాట' మొదలుకొని, మన తొలినాళ్ల లేఖిని, కూడలి వరకు తెలుగు జాలసాహిత్యం ప్రధానంగా స్వచ్ఛందసేవ మీదనే పెరిగింది. ఆ లేమి ఒక విధంగా మేలు చేసింది. క్లిక్కుల కోసం వ్రాయవలసిన అవసరం లేకపోవడం చేత, పాతపద్యానికి వ్యాఖ్యానం వ్రాసేవాడు నిశ్చింతగా వ్రాసుకున్నాడు.

అయితే ఉచితమన్నది సంపూర్ణంగా నిజం కాదు. మన వ్రాతలను దాచే యంత్రాలకు విద్యుత్తు ఖర్చు ఎవరో భరిస్తున్నారు. ఆ ఎవరో విసిగినప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉన్నది. ఉచిత పుటలకు పేరుపొందిన జియోసిటీస్‌ను యాహూ 1999లో సుమారు 360 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. ఆ పుటల మీది ప్రకటనలు లాభించక 2009 అక్టోబరు 26న మూసివేసింది. లక్షలాది పుటలలో కొన్నిటిని ఔత్సాహికులు భద్రపరిచారు, మిగిలినవి నశించాయి. యాహూ గ్రూపులలోని సందేశాల నిల్వలను 2019లో తొలగించడం ఆరంభించి, 2020 డిసెంబరులో ఆ సేవనే ముగించారు. ఒకప్పుడు రచ్చబండ వంటి తెలుగు సాహిత్యచర్చలు సాగిన సేవ అది. తాళపత్రాన్ని చెదపురుగు తినడానికి తరాలు పట్టేది. ఇక్కడ ఒక గడువు తేదీ ప్రకటిస్తే సరిపోతుంది.

కాబట్టి బ్లాగ్మిత్రులకు నా మనవి ఇది. ఆర్జన ఎలాగన్న ప్రశ్నను మనం నిలుపుకోవడం ఎలాగన్న ప్రశ్నగా మార్చుకోవాలి. తెలుగులో ప్రకటనల సొమ్ము సంసారాన్ని నడపదు. దాని కోసం వ్రాత తీరు మార్చుకుంటే చివరికి సొమ్మూ దక్కదు, వ్రాతా దక్కదు. కాని సొంత చిరునామా ఒకటి, దానికొక చిన్న అద్దె స్థలం, రెండూ కలిపి సాలుకు ఐదువేల రూపాయలలో సర్దుకోవచ్చు. నూరుగురు పాఠకులు తలా 50 రూపాయలు ఇస్తే అది పూర్తవుతుంది.

ఇరవై ఐదేళ్ల క్రితం ఇంత చిన్న మొత్తాలు చేతులు మారడం అసాధ్యంగా ఉండేది. చిల్లర చెల్లింపులకు ఎలక్ట్రానిక్ నాణెం తయారుచేసిన డిజిక్యాష్ సంస్థ 1998లో దివాలా తీసింది. మన దేశంలో 2016లో యూపీఐ వచ్చాక పది రూపాయలను సైతం కూరగాయల బండి దగ్గర క్షణంలో పంపుతున్నాం. అమెరికా రచయితలు రెండు దశాబ్దాలు వెదికిన సాధనం మన జేబులో ఉన్నది. లేనిది అడిగే అలవాటు. అడిగితే చిన్నతనమన్న సంకోచం. వాచకం ముద్రించినవానికి వెల ఇచ్చే మనం, జాలంలో వ్రాసినవానికి ఇవ్వడానికి, పుచ్చుకోవడానికి రెండువిధాలా సిగ్గుపడుతున్నాం.

ఏడాదికొకమారు ఖర్చుల పద్దు బహిరంగంగా వ్రాసి, ఇంత కావాలి, ఇంత వచ్చింది, మిగిలినది వచ్చే ఏటికని చెప్పే తెలుగు వెబ్సైట్లు పది ఏర్పడినా చాలు. ఆ పదింటిలోని వ్యాసాలు ఏ దూరదేశపు కంపెనీ ఏ తేదీ ప్రకటించినా చెక్కుచెదరవు. ఆ నూరుగురు పాఠకులే వాటికి కృతిభర్తలు. అవతారికలో వంశవర్ణన కోరే కృతిభర్తలు కారు వారు. వచ్చే ఏడు కూడా చదువుకోవడానికి పుట తెరుచుకుంటే చాలుననుకునేవారు.